అక్క గేటు దాటలేదు

మా అక్కకు మా ఇంట్లో ‘ఆగక్క’ అని పేరు. మా పిల్లలైతే ‘ఆగు పెద్దమ్మ’ అంటారు. ఆ పేరు పెట్టింది నేనే, ఇందులో దాపరికం ఏమీ లేదు. గాజు గ్లాసు కింద పడి పగిలితే ఎవరింట్లోనైనా చీపురు కోసం వెతుక్కుంటారు. మా ఇంట్లో అక్క ఉందంటే మాత్రం ఎక్కడివాళ్ళం అక్కడ కొయ్యబొమ్మల్లా నిలబడిపోవాలి. “ఆగండి! ఎవరూ కదలొద్దు” అంటుంది. తర్వాత గొంతుక్కూర్చుని, ముక్కలు ఎటువైపు చెదిరాయో చూసి, గ్లాసు ఎవరి మోచేయి తగిలి పడిందో తేల్చేదాకా మనం నోరెత్తకూడదు. ఒకసారి మా చిన్నవాడు ఫ్రిజ్‌లో జామ్ సీసా ముట్టలేదని ఏడ్చి గోలపెట్టాడు. అక్క ఫ్రిజ్ తలుపు మీద ‘హా’ అని ఊది, వాడి వేలు పక్కనపెట్టి చూసి, “ఏరా, నీ వేలు నీకు చెప్పకుండా వచ్చిందా?” అంది. వాడు ఆ తర్వాత చాలా రోజులు స్పూనుతో తలుపు తీసేవాడు.

అక్కది పోలీసు శాఖలో ఉద్యోగం. క్లూస్ టీమ్. ఈ మాట చెప్పగానే మా వీధిలో ఆడవాళ్ళు నడుముకు తుపాకీ ఏదని వెతుకుతారు. దానికి తుపాకీ ఏమిటి, నా మొహం! దాని పెట్టెలో ఉండేవి రెండు బ్రష్షులు, నల్లపొడి డబ్బా, టేపు, పట్టకారు, కొలబద్ద, గ్లవ్స్, కాగితం కవర్లు, లక్క. “దొంగల్ని పట్టుకుంటావా?” అని ఎవరైనా అడిగితే, “లేదండీ, దొంగ వదిలేసిపోయింది పట్టుకుంటాను” అంటుంది. ఆ జవాబు చెప్పేటప్పుడు దాని మొహం చూడాలి. అణకువ అనేది మా అక్క ఇంటా వంటా లేదు. తన పని తనకు వచ్చని తనకు తెలుసు, ఎదుటివాళ్ళకూ తెలియాలంటుంది.

మొదట్లో ఫొటో స్టూడియోలో పనిచేసేది. ఒకరోజు పోలీసులు వచ్చి, పగిలిన తాళం ఒకటి ఫొటో తియ్యాలి రమ్మన్నారు. తాళం ఫొటో తీసి ఊరుకోక, తలుపు, గడప, కిటికీ చువ్వలు అన్నీ తీసి ఇచ్చిందట. ఆ కిటికీ చువ్వ మీదే దొంగ చేతిముద్ర దొరికింది. అక్కడినుంచి పట్టుదలగా పరీక్షలు రాసి ఉద్యోగంలో చేరింది. చేరిన కొత్తల్లోనే ఒక పొరపాటు చేసింది. రక్తంతో తడిసిన తువ్వాలును ఆరబెట్టకుండా ప్లాస్టిక్ కవరులో పెట్టి సీలు వేసింది. విప్పేసరికి బూజు పట్టి, దేనికీ పనికిరాకుండా పోయింది. ఆ కేసులో చనిపోయినావిడ తల్లి కోర్టు మెట్ల మీద అక్కను ఒక్క మాట కూడా అనలేదట, ఊరికే చూసిందట. ఆనాటినుంచి మా అక్క ఏ తడి వస్తువునైనా నీడలో ఆరబెట్టి, కాగితం కవరులోనే పెడుతుంది. మా ఇంట్లో కొత్తిమీర కూడా ప్లాస్టిక్‌లో పెట్టనివ్వదు.

దానికి పడని మాట ఒక్కటే: ‘అనుకుంటా’. “నువ్వు అనుకున్నది నీ దగ్గరే ఉంచుకో. చూసింది చెప్పు” అంటుంది. నేను బట్టలు కుట్టేదాన్ని. నోరు ముందు, బుర్ర తర్వాత. మా ఇద్దరికీ ఎలా పడిందో మా అమ్మకే తెలియాలి.

ఇక ఆ రోజు సంగతి చెబుతాను.

మా ఆయన ఒక లాండ్రీ కంపెనీకి వ్యాను నడుపుతాడు. తెల్లవారకముందే ఆసుపత్రుల దుప్పట్లు వేసుకుని ఒక రౌండు వెళ్ళి, పొద్దెక్కేసరికి ఇంటికొచ్చి, టిఫిన్ తిని మళ్ళీ వెళ్తాడు. “నా చేతిలో బండికి ఇన్నేళ్ళలో గీత పడలేదు” అని చెప్పుకోవడం ఆయనకు భోజనంతో సమానం. ఆ ఉదయం ఆయన ఇంకా చెయ్యి కడుక్కోనేలేదు, ఇద్దరు కానిస్టేబుళ్ళు గేటు తీసుకుని వచ్చారు. నీళ్ళ ట్యాంకు మలుపు దగ్గర తెల్లవారుజామున ఒక తెల్ల వ్యాను సైకిలు మీద వెళ్తున్న మనిషిని గుద్ది ఆగకుండా వెళ్ళిపోయిందట. దెబ్బ తగిలింది ఎవరో కాదు, మా పిల్లల బడిలో గంట కొట్టే పెద్దాయన. స్పృహ లేకుండా ఆసుపత్రిలో ఉన్నాడు. రోడ్డు మీద పగిలిన లైటు గాజుముక్కలు దొరికాయి. మా వ్యాను తెల్లది. ఎడమ లైటు పగిలి ఉంది.

“ఇదా? ఇది పోయిన వారం పగిలిందండీ, పార్కింగులో” అన్నాడు మా ఆయన.

“స్టేషనుకొచ్చి ఆ ముక్క సారుకి చెప్పు. బండిని ఎవరూ కదిలించొద్దు, మావాళ్ళొచ్చి చూస్తారు” అని ఆయన్ని తీసుకుపోయారు.

వెంటనే అక్కకు ఫోన్ చేశాను. నాకు పెద్ద ధైర్యం ఏమిటంటే, వచ్చేది అక్క, చూసేది అక్క, చెప్పేది అక్క. ఇంకేం కావాలి? ఫోన్ పెట్టేసి కాసేపు అక్క కోసం ఎదురుచూసి, చెప్పులు వెతుక్కుంటుంటే బయట నీళ్ళ చప్పుడు. చూస్తే మా అత్తగారు! చీర కుచ్చిళ్ళు ఎగదోపి, పైపు పట్టుకుని, వ్యాను వెనక చక్రాలు కడుగుతోంది. ఒకళ్ళు వేలెత్తి చూపకుండా బండి శుభ్రంగా ఉండాలని ఆవిడ తాపత్రయం. నాకూ ఆ క్షణంలో అది తప్పనిపించలేదు. బకెట్టు కూడా అందించబోయాను.

“ఆగండి!”

వీధంతా దద్దరిల్లింది. అక్క స్కూటరు స్టాండు కూడా వెయ్యలేదు, గేటు బయటే నిలబడి అరుస్తోంది. “అత్తయ్యగారూ, ఆ పైపు కింద పడెయ్యండి! ముందువైపు తడిపారా?”

“లేదమ్మాయ్, ఇప్పుడే మొదలుపెట్టాను...”

“దణ్ణం పెడతాను, ఇంక ముట్టుకోవద్దు. ఆ బంపరు మీద దుమ్మే మీ అబ్బాయికి దిక్కు. మనిషిని గుద్దిన బండి మీద దుమ్ము అలాగే ఉండదు. అది కడిగేస్తే చెప్పడానికి ఏం మిగులుతుంది?”

అత్తగారు పైపును పామును వదిలినట్టు వదిలేసింది. నేను గేటు తీసి, “రా అక్కా, లోపలికొచ్చి చూడు, నీ పెట్టె ఏదీ?” అన్నాను.

“తేలేదు. నేను రాను.”

“రావా?”

“ఈ బండి నేను చూడను. ఆఫీసుకు ఫోన్ చేసి చెప్పేసి వచ్చాను, ఇది మా మరిది కేసు, నన్ను దూరంగా పెట్టండి అని. నేను గేటు దాటితే, రేపు ఆ బండి మీద ఏం దొరికినా నేను పెట్టానంటారు, ఏం దొరక్కపోయినా నేను తుడిచానంటారు.”

“అనేవాళ్ళు అంటారు! నీ చెల్లెలి కాపురం ఇక్కడ!”

“అందుకే దాటను” అంది. నిమ్మకు నీరెత్తినట్టు ఎలా నిలబడిందో! నాకు ఒళ్ళు మండింది. అక్కడినుంచే వంగి వ్యాను వైపు చూసి, “ఆ లైటు ఎప్పుడు పగిలింది?” అంది.

“పోయిన వారమట.”

“అట?”

“ఆయన చెప్పాడు.”

“నువ్వు నీ కళ్ళతో చూశావా?”

“నేను మిషను మీద కూర్చుంటే లైట్లు చూస్తూ కూర్చుంటానా? చూడలేదు.”

“అయితే ఎవరడిగినా చూడలేదనే చెప్పు” అంది. కాసేపటికి జీపు వచ్చింది. అందులోంచి దిగింది ఎవరనుకున్నారు? నత్తయ్య. అక్కతోపాటు పనిచేసే ఆయన. ఆ పేరు అక్కే పెట్టింది. గ్లవ్స్ తొడుక్కోవడానికే ఒక పూట పడుతుందని ఇంటికొచ్చి ఆయన్ని వేళాకోళం చెయ్యని రోజు లేదు. అటువంటి మనిషి చేతిలో మా ఆయన్ని పెట్టి, అక్క ఆయనకు తల ఊపి, స్కూటరెక్కి స్టేషనుకు వెళ్ళిపోయింది. నేను ఆటో కోసం పరుగెత్తాను.

స్టేషను వరండాలో బెంచీ మీద ఒకావిడ కూర్చుని ఉంది. ఒళ్ళో ఆసుపత్రివాళ్ళిచ్చిన కవరు, అందులో మగవాళ్ళ చొక్కా. గంట కొట్టే పెద్దాయన భార్య అని కానిస్టేబుల్ చెప్పాడు. నేను ఆవిడవైపు చూడలేక గబగబా లోపలికి వెళ్ళాను. మా ఆయన ఇన్‌స్పెక్టర్ బల్ల ముందు కూర్చుని ఉన్నాడు. నన్ను చూడగానే అగ్గిమీద గుగ్గిలమయ్యాడు.

“చూశావా నీ అక్క ఘనకార్యం? నా కొంప ముంచింది! నిన్న సాయంత్రం దాకా నా బండికి రెండు లైట్లూ బాగానే ఉన్నాయని సంతకం పెట్టి మరీ ఇచ్చింది!”

ముందురోజు సాయంత్రం అక్క మా ఇంటికొచ్చిన మాట నిజం. ప్యాంటుకు పక్కన ఇంకో జేబు కుట్టించుకుని వెళ్ళింది. దాని స్కూటరు రిపేరుకిచ్చింది, పొద్దున్నే గాని చేతికి రాదు, అందుకని మా ఆయనే వ్యానులో దింపి వచ్చాడు. చీకట్లో తాళంచెవి దొరక్కపోతే వ్యాను లైట్లు వేసి పట్టుకున్నాడట. ఆ వెలుగులోనే అక్క తలుపు తీసుకుంది. ఎడమ లైటు, కుడి లైటు, రెండూ వెలిగాయి. అది చూసింది కాబట్టి చెప్పింది.

నేను విసురుగా వరండాలోకి వచ్చాను. అక్క స్తంభానికి ఆనుకుని నిలబడి ఉంది.

“నువ్వు అక్కవేనా? నోరు మూసుకుంటే నీ సొమ్మేం పోయేది? నిన్నెవరైనా అడిగారా?”

“అడగలేదు. నేనే చెప్పాను.”

“ఎందుకు? మేం చల్లగా ఉంటే చూడలేకా?”

నా గొంతు ఎంత లేచిందంటే, లోపల టైపు చేస్తున్నవాళ్ళు ఆపేశారు. అక్క నా చెయ్యి పట్టుకుంది. “మెల్లిగా. ఆవిడ వింటోంది” అని బెంచీవైపు చూపించింది. “ఆవిడ మొగుణ్ణి గుద్దిందెవరో తేలాలా వద్దా? తేలాలంటే నేను చూసింది కూడా లెక్కలోకి రావాలి. నా మరిది కదా అని నేను దాచుకుంటే, రేపు ఇంకొకడి అక్క కూడా దాచుకుంటుంది.”

“మరి ఆయనే గుద్దాడంటావా?”

“నేను ఏమీ అనను. లైటు నిన్న బాగుందని మాత్రం అంటాను. నిన్న బాగున్న లైటు పోయిన వారం ఎలా పగిలిందో మీ ఆయన్నే అడుగు. నీ నోటికి ఇక్కడ పనిలేదు, అక్కడుంది.”

అది నిజమే. కోపం ఎక్కడికీ పోలేదు, దిక్కు మార్చుకుందంతే. నేను లోపలికెళ్ళి మా ఆయన ఎదురుగా నిలబడ్డాను. ఇన్‌స్పెక్టర్ ఉన్నాడని కూడా చూడలేదు.

“నా మొహం చూసి చెప్పు. ఆ లైటు ఎప్పుడు పగిలింది?”

“చెప్పాను కదా...”

“నాతో కూడా పోయిన వారమనే చెప్పావు. నేను నమ్మాను. అక్క అబద్ధం ఆడదు, నీకూ తెలుసు, నాకూ తెలుసు. ఇప్పుడు నువ్వు నిజం చెప్పకపోతే, ఆ పెద్దాయన్ని గుద్దింది నువ్వేనని నేనే నమ్ముతాను. చెప్పు!”

ఆయన మొహం చిన్నబోయింది. గోడవైపు చూస్తూ గొణిగాడు. “పొద్దున లాండ్రీ గేటు దగ్గర... మలుపు తిప్పుతుంటే... గేటు స్తంభానికి తగిలింది.”

“ఆ ముక్క చెప్పడానికి నోరు పడిపోయిందా?”

“ఓనరు పోయిన నెలే చెప్పాడు, బండికి ఇంకో దెబ్బ తగిలితే ఇంటికి పొమ్మని. అందుకే ముక్కలు కాలితో స్తంభం వెనక్కి తోసేశాను. పాత దెబ్బంటే ఎవరూ అడగరనుకున్నాను.”

‘ఇన్నేళ్ళలో గీత పడలేదు’ అంటూ ఊరంతా చాటుకున్న మనిషి! పోయిన నెల దెబ్బ సంగతి కూడా నాకు అప్పుడే తెలిసింది. ఆయన్ని అక్కడే చెడామడా తిట్టేద్దామనిపించింది. నిజానికి తిట్టాను కూడా.

ఇన్‌స్పెక్టర్ పెన్ను మూసి, “పొద్దున ఒక కథ, ఇప్పుడు ఇంకో కథ. దీన్నెలా నమ్మమంటావ్?” అన్నాడు.

“నమ్మొద్దండీ, చూడండి” అన్నాను. ఆ మాట నా నోటినుంచి ఎలా వచ్చిందో నాకే తెలియదు. అక్క మాటది.

ఆయన ఫోన్ తీసి, నత్తయ్యను మా ఇంటి దగ్గర పని పూర్తిచేసి లాండ్రీ గేటు దగ్గరికి వెళ్ళమన్నాడు. నేను మళ్ళీ వరండాలోకి పరుగెత్తి అక్క కాళ్ళావేళ్ళా పడ్డాను. “అక్కా, నువ్వెళ్ళు. లారీలు తిరిగే గేటది. ఆయన గ్లవ్స్ తొడుక్కునేలోపు ఎవరైనా ఊడ్చేస్తే నా బతుకు బుగ్గయిపోతుంది.”

“ఊడ్చేవాళ్ళు ఎవరూ రాకుండా కాపలాకి కానిస్టేబుల్ ఇప్పుడే ఇటునుంచి వెళ్ళాడు. ఇక నత్తయ్యను పంపమని పొద్దున అడిగిందే నేను.”

“ఆయన్నా? కావాలనా?”

“నత్త పోయినచోటల్లా నేలంతా తాకుతూ పోతుంది. నేను తొందరమనిషిని, ఒక ముక్క వదిలేస్తానేమో. ఆయన వదలడు” అంది. ఇన్నేళ్ళలో ఆయన గురించి అది ఒక్క మంచి మాట అనగా నేను వినడం అదే మొదలు.

ఆ మధ్యాహ్నం ఎలా గడిచిందో అడక్కండి. నేను, అక్క, ఆ పెద్దావిడ ఒకే బెంచీ మీద కూర్చున్నాం. ముగ్గురం టీ తాగాం. నిందపడ్డవాడి భార్యనని ఆవిడకు తెలుసు. అయినా ఒక్క మాట అనలేదు. “మీ పిల్లలు ఏ తరగతి?” అని అడిగింది. చెప్పాను. “మా ఆయనకు అందరి పేర్లూ తెలుసు” అంది. నేను టీ గ్లాసు బెంచీ కింద పెట్టేశాను. అక్క మాత్రం ఆవిడ ఒళ్ళో కవరు చూసి, “అమ్మా, ఆ చొక్కా ఇంకా తడిగా ఉందా? ఆ ప్లాస్టిక్‌లో ఉంచకండి, మావాళ్ళకిప్పిస్తే జాగ్రత్తగా ఆరబెడతారు” అని కానిస్టేబుల్‌ని పిలిచి, తను ముట్టుకోకుండా ఆయన చేతే తీయించింది.

ఎండ దిగుతుండగా నత్తయ్య వచ్చాడు. మోకాళ్ళ నిండా మట్టి. లోపల బల్లమీద తెల్లకాగితం పరిచారు. వ్యాను నుంచి ఊడదీసిన లైటు చట్రం మధ్యలో పెట్టారు. స్తంభం వెనక దొరికిన ముక్కలు పట్టకారుతో ఒక్కొక్కటీ తీసి, తిప్పి చూసి, చట్రంలో మిగిలిన గాజు అంచుకు ఆనించడం మొదలుపెట్టాడు. అక్క గుమ్మం దగ్గర కూడా నిలబడలేదు, బెంచీ మీదే ఉండిపోయింది. నేను తలుపు పక్కనుంచి చూశాను. బట్ట కత్తిరించేదాన్ని కనుక నాకు తెలుసు, ఒక ముక్కలోంచి వచ్చిన అంచులు ఎలా కలుస్తాయో. వంకరకు వంకర కూర్చుంది. గాజు మీద గీతలు ఒక ముక్కలోంచి ఇంకో ముక్కలోకి నేరుగా వెళ్ళాయి. చివరికి గోరంత ఖాళీ మిగిలింది. నత్తయ్య కవరు దులిపి, గోరంత ముక్క తీసి అక్కడ పెట్టాడు.

“ఇక ఖాళీ లేదండి” అన్నాడు. రోడ్డు మీద దొరికిన ముక్కలున్న కవరు పక్కనే ఉంది. వాటికి ఆ లైటులో చోటే లేదు.

చట్రం మీద గేటు స్తంభం పసుపురంగు అంటి ఉందని, బంపరు మీద దుమ్ము ఎక్కడా చెదరలేదని, సైకిలు రంగు జాడ లేదని కూడా చెప్పాడు. అన్నీ నెమ్మదిగా, ఒక్కొక్క మాటే. ఆ నత్తనడక మాటలంత తీపిమాటలు నేను జన్మలో వినలేదు.

“ఇంటికి పో. రిపోర్టు వచ్చాక పిలుస్తాం” అన్నాడు ఇన్‌స్పెక్టర్ మా ఆయనతో. “నువ్వు పొద్దున్నే నిజం చెప్పి ఉంటే ఈ పని పొద్దున్నే అయ్యేది. ఇప్పటికి ఆ అసలు బండి ఎంత దూరం పోయిందో!”

మా ఆయన బయటికొచ్చి పెద్దావిడ ముందు చేతులు జోడించాడు. “అమ్మా, నేను గుద్దలేదు. కానీ నావల్ల మీకు ఒక పూట పోయింది” అన్నాడు. ఆవిడ తల ఊపింది. అక్కతో మాట్లాడలేక, మాట్లాడకుండా ఉండలేక, “వదినా, లాండ్రీకి వెళ్ళి ఓనరుకు నేనే చెప్పి వస్తాను” అన్నాడు. “వెళ్ళి రా. ఉద్యోగం పోతే ఇంకోటి చూద్దాం” అంది అక్క.

నేనూ అక్కా నడుచుకుంటూ బయల్దేరాం. దాని స్కూటరు తోసుకుంటూ వస్తోంది. నాకు సంతోషంగానే ఉంది, కానీ లోపల ఒక ముల్లు గుచ్చుకుంటూనే ఉంది. వీధి మలుపులో ఆగి అడిగేశాను.

“అక్కా, ఒకవేళ ఆ ముక్కలు కలవకపోతే?”

“కలవకపోతే ఏముంది? లైటు నిన్న బాగుందనే కోర్టులోనూ చెప్పేదాన్ని.”

“మరి నేను?”

“నీ దగ్గరికి వచ్చేదాన్ని.”

“నేను నీ మొహం మీద తలుపేసేదాన్ని.”

“తెలుసు. మర్నాడు మళ్ళీ వచ్చేదాన్ని.”

“మర్నాడూ వేసేదాన్ని. జన్మలో నీతో మాట్లాడేదాన్ని కాదు.”

“నువ్వు మాట్లాడకపోతే పిల్లల్ని బడికి దింపడం మానేస్తానా? ఆయన బయటికొచ్చేదాకా వాళ్ళు నా పూచీ అని పొద్దున గేటు బయట నిలబడే అనుకున్నాను” అంది అక్క.

‘అనుకున్నాను’ అంది. మా అక్క నోట ఆ మాట! దాని కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. నేను రోడ్డు మధ్యలోనే దాని భుజం మీద తల పెట్టి బావురుమన్నాను.